ఆగని బండికి మొదటి సంతకం

ప్రైవేటు రైలంత మేలు మనిషికి మరొకటి లేదు. నవ్వకండి! వరంగల్ మట్టెవాడలో ముప్పై ఏళ్లుగా జంపఖానాలు అమ్ముతున్నవాణ్ణి, లాభం లేనిదే మాట్లాడను.

సికింద్రాబాద్ నుంచి మా ఊరి మీదుగా విజయవాడ వెళ్లే శరవేగ ఎక్స్‌ప్రెస్‌ను ఒక కంపెనీ తీసుకున్న మొదటి ఏడాది, ఎక్కినవాళ్లందరికీ గులాబీ ఇచ్చారు. ఏసీ, మెత్తటి సీటు, "సార్" అనే పిలుపు. మా ఇంట్లో నన్నెవరైనా సార్ అన్నారా?

రెండో ఏడాది ఇంటి తిండి నిషేధించారు. నా పులిహోర డబ్బాను ఒకమ్మాయి వచ్చి మర్యాదగా మూసేసింది. మంచిదే కదా, పక్కవాళ్లకు పెట్టే పని తప్పింది!

అదే ఏడాది కంపెనీవాళ్లు సలహాలు అడిగారు. వ్యాపారి బుద్ధి ఊరుకుంటుందా? "చిన్న స్టేషన్లలో ఆగడం దండగ, డోర్నకల్ తీసేయండి" అని రాసి, బజారంతా తిరిగి సంతకాలు చేయించాను. మొదటి సంతకం నాది. డోర్నకల్‌లో కిరాణా కొట్టు నడిపే మా తమ్ముడు యాకయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు.

నా సలహాను కంపెనీ ఎంత గౌరవించిందంటే, మూడో ఏడాది వరంగల్ కూడా తీసేసింది. వాళ్ల లెక్కలో మనమూ చిన్న స్టేషనే!

ఇంతలో మా చెల్లె భారతి బిడ్డ తేజస్వి పెళ్లి వచ్చింది. విజయవాడలో, సాయంత్రం ముహూర్తం. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పెద్ద మేనమామ మండపానికి మోసుకురావాలి. అంటే నేను.

"ప్యాసింజర్ల పోదాం, జర నా మాట ఇను" అంది నా భార్య పద్మలత. వింటానా? ఆమెను ప్యాసింజర్‌కు వదిలి, బస్సులో సికింద్రాబాద్ దాకా వెనక్కి వెళ్లి, శరవేగ ఎక్కి, మళ్లీ వరంగల్ మీదుగానే దూసుకొచ్చాను. సొంత ఊరిని మూసిన అద్దంలోంచి చూసుకునే భాగ్యం ఎందరికుంటుంది?

కాసేపటికి బండి నిలిచిపోయింది. బోర్డు చూస్తే డోర్నకల్. సిగ్నల్ లేదట. స్టాపు కాదు కనుక తలుపులు తెరవరట. గంట గడిచింది. పక్క లైన్లో ప్యాసింజర్ వచ్చింది, ఆగింది, యాకయ్యను ఎక్కించుకుని వెళ్లిపోయింది. కిటికీలోంచి పద్మలత చెయ్యూపింది.

తేజస్వి ఫోన్ చేసింది.

"పెద్దమామా, ఏడున్నవ్?"

"డోర్నకల్ల, బిడ్డా."

"ఆ బండి ఆడ ఆగదు కద?"

"ఆగలే. నిలవడ్డది."

బుట్ట యాకయ్య మోశాడు. నేను భోజనాలకు అందుకున్నాను, చేతిలో గులాబీతో. ఆలస్యానికి చింతిస్తూ కంపెనీ ఇచ్చింది.

మొన్న, శరవేగ వరంగల్‌లో ఆగాలని అర్జీ రాసి, తమ్ముడి సంతకానికి డోర్నకల్ వెళ్లాను. ప్యాసింజర్లోనే లెండి, అది ఆగుతుంది. యాకయ్య చదివి కళ్లద్దాలు తీశాడు.

"మంచిగ రాసినవే అన్నా. మరి మా ఊరేది?"

పెన్ను తీసి వరంగల్ కొట్టేసి, డోర్నకల్ అని రాసి, దాని కింద వరంగల్ రాశాను. మొదటి సంతకం యాకయ్యది.