మంత్రిగారి చేతుల మీదుగా బిడ్డ ఒకటి

ఇన్నాళ్లూ పేదలకు ఇళ్ల పట్టాలూ, రైతులకు విత్తనాలూ ఇచ్చిన ప్రభుత్వం ఇకమీదట అనాథ బిడ్డలకు అమ్మానాన్నలను కూడా మంజూరు చేస్తుందని మంత్రి లక్ష్మీకాంత్ గారు ప్రెస్‌మీట్‌లో ప్రకటించారు. విలేకరులు రాయడం ఆపి, ఎంతమందికి అని అడిగారు.

"మొదటి విడతలో ఒకరికి" అన్నారు మంత్రిగారు ఏమాత్రం తొణక్కుండా.

ఆ ఒకరు ఆరాధన. ఆరేళ్ల పిల్ల, ఊళ్లో శిశుగృహంలో పెరుగుతోంది. మంజూరైన అమ్మానాన్నలు పావోలా, మార్కో. ఇటలీ వాళ్లు. శిశుగృహంలో పనిచేసే రెబ్కా రెండేళ్లుగా ఈ దత్తత ఫైలు మోస్తోంది. ఆ దంపతుల ఆరోగ్యం, ఆదాయం, పోలీసు రికార్డు, పక్కింటివాళ్ల అభిప్రాయం, ఆఖరికి వాళ్ల కుక్క మంచిదా కాదా అన్నదానికి కూడా కాగితాలు తెప్పించింది. ఈ రెండేళ్లలో మంత్రిగారికి ఇందులో వీసమెత్తు ప్రమేయం లేదు. అయినా ఆఖరి నిమిషంలో ముందుకొచ్చారు. అంత పెద్ద మనసు అందరికీ ఉండదు.

రెండో తారీకున దత్తత ఉత్తర్వు మీద కలెక్టరుగారి సంతకం అయిపోయింది. రెబ్కా కలెక్టరాఫీసుకు పరుగున వెళ్లింది. ఆ కాగితం చూపిస్తేనే పిల్లకు పాస్‌పోర్టు. పదహారో తారీకుతో దంపతుల వీసా అయిపోతుంది. ఆలోగా పాస్‌పోర్టు రాకపోతే వాళ్లిద్దరూ విమానమెక్కుతారు, పిల్ల ఇక్కడే ఉండిపోతుంది.

"రెడీగానే ఉంది మేడం, ఇవ్వడానికే లేదు" అన్నాడు గుమస్తా. "మంత్రిగారి చేతుల మీదుగా ఇవ్వాలంట."

మన వైపు ఏ కాగితమైనా సంతకంతో పూర్తికాదు, వేదికెక్కి దిగాలి. చంకకర్రలు ఆఫీసులో మూలన సిద్ధంగా ఉన్నా, సభ జరిగేదాకా మూడు నెలలు గోడ పట్టుకుని నడిచినవాళ్లు రెబ్కాకు తెలుసు.

సభ అయిదో తారీకన్నారు. ఆ రోజు అష్టమి అని ఎవరో గుర్తుచేశారు. ఎనిమిదికి మార్చారు. ఎనిమిదిన మంత్రిగారు పదకొండు పెళ్లిళ్లకు వెళ్లాలి. సభను పదకొండో తారీకుకు మార్చారు. పావోలా రోజూ పొద్దున్నే శిశుగృహానికి వచ్చి "ఇవాళ?" అని అడిగేది. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట అది. "రేపు" అనేది రెబ్కా. అది రెండోది.

తొమ్మిదిన మంత్రిగారి పీఏ ప్రేమ్‌చంద్ ఫోన్ చేశాడు.

"మేడం, పంపిణీ లిస్టు తయారుచేస్తన్నా. కుట్టుమిషన్లు నలభై, మూడు చక్రాల బళ్లు పన్నెండు, బిడ్డ ఒకటి. కరెక్టేగా?"

"బిడ్డను లిస్టులో ఎందుకండీ?"

"లిస్టులో లేనిది స్టేజీ ఎక్కదండి. అన్నట్టు, వారంటీ కాలమొకటుంది. మిషన్లకి రెండేళ్లు రాశా. బిడ్డకి ఎంత రాయమంటారు?"

రెబ్కాకు ఒళ్లు మండింది. "జీవితాంతం రాసుకోండి."

"మంచిదండి" అని ప్రేమ్‌చంద్ శ్రద్ధగా రాసుకున్నాడు. "మరి ఫ్లెక్సీకి బిడ్డ ఫోటో పంపండి."

"దత్తత పిల్లల ఫోటోలు బయట వెయ్యకూడదండీ. చట్టం ఒప్పుకోదు."

ప్రేమ్‌చంద్ చట్టాన్ని గౌరవించే మనిషి. పదకొండో తారీకున సభ దగ్గర ఆరడుగుల అట్ట బోర్డు మీద దత్తత ఉత్తర్వు అచ్చయి ఉంది. బిడ్డ ఫోటో ఉండాల్సినచోట మంత్రిగారి చిన్నప్పటి ఫోటో వేశారు, జుట్టుకు పిలకా నడుముకు మొలతాడుతో. మార్కో దాన్ని చాలాసేపు చూసి, ఈ అబ్బాయి కూడా అనాథేనా అని రెబ్కాను ఇంగ్లిషులో అడిగాడు.

వేదిక పక్కన కుట్టుమిషన్ల లైనులో రెబ్కా వాళ్ల వీధిలో ఉండే వెంకటరావమ్మ కూర్చుని ఉంది.

"నీకూ మిషన్ వచ్చిందా పిన్నీ? సంతోషం" అంది రెబ్కా.

"నాలుగోసారి వచ్చిందమ్మా. ఇదే మిషను. చక్రం మీద ఈ సొట్ట చూడు, పోయిన ఏడు లారీలోంచి దించేటప్పుడు పడింది." వెంకటరావమ్మ గొంతు తగ్గించింది. "ఫోటో తీసేదాకే మనది. తర్వాత లారీ ఎక్కించుకుపోతారు. నీ కాగితం జాగ్రత్త."

ఆరాధనకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏటా మంత్రిగారి పుట్టినరోజుకు శిశుగృహంలో బొమ్మలు పంచుతారు, ఫోటో తీస్తారు, బొమ్మలు పట్టుకెళతారు. మిగతా పిల్లలు ఏడుస్తారు. ఆరాధన మాత్రం అందరి బొమ్మలూ పోగుచేసి, లెక్క చూసి, సంచిలో వేసి ఇస్తుంది. బుద్ధిమంతురాలని పేరు.

మంత్రిగారు ముప్పావుగంట మాట్లాడారు. మిర్చికి విదేశాల్లో మార్కెట్ తెచ్చింది తామేనన్నారు, ఇప్పుడు అమ్మానాన్నలను దిగుమతి చేశామన్నారు. చప్పట్లు మోగాయి. పావోలాకు శాలువా కప్పారు, ఉత్తర్వున్న కవరు చేతికిచ్చారు. ఆరాధనకు కొత్త చెప్పులిచ్చారు. ఫోటో తీశారు. సరిగా రాలేదంటే కవరు వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చి మళ్లీ తీశారు. ఇటలీ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ మొదటిసారి పావోలా గట్టిగా నవ్వింది.

మెట్లు దిగగానే ప్రేమ్‌చంద్ చెయ్యి చాపి ఆ కవరు తీసుకున్నాడు.

"ఇది రేపు పొన్నూరు సభలో మళ్లీ ఇవ్వాలండి. ఎల్లుండి ఇంకో రెండు సభలు. అయ్యాక మీరే వచ్చి పట్టుకెళ్లండి."

రెబ్కా అడ్డం వచ్చింది. "రేపు పదింటికి పాస్‌పోర్టు అపాయింట్‌మెంటండీ! అది పోతే మళ్లీ దొరకదు. వీళ్లు పిల్లను వదిలేసి వెళ్లిపోవాలి!"

"పాస్‌పోర్టుదేముంది మేడం, ఇవాళ్టి ఫోటో చూపించండి. మంత్రిగారు ఉన్నారుగా అందులో."

రెండేళ్లు ఫైలు మోసిన మనిషికి ఆఫీసు భాష కాస్త అబ్బుతుంది. రెబ్కా సంచిలోంచి ఒక ఫారం తీసింది.

"సరేనండీ, ఉంచుకోండి. ఇక్కడ సంతకం పెట్టండి."

"ఏంటిది?"

"ఉత్తర్వు ఎవరి దగ్గరుంటే బిడ్డ బాధ్యత వాళ్లది. తిండి, బడి, టీకాలు, పెళ్లి. మూడు నెలలకోసారి బిడ్డ బరువెంతో రిపోర్టు పంపాలి. ఎన్నేళ్లంటారా, వారంటీ జీవితాంతం అని మీ లిస్టులోనే ఉంది."

ప్రేమ్‌చంద్ ఫారం వైపు చూశాడు. ఆరాధన వైపు చూశాడు. నిప్పు ముట్టుకున్నట్టు కవరు రెబ్కా చేతిలో పెట్టి, "మంత్రిగారు పిలుస్తన్నారు" అంటూ ఎవరూ పిలవని వైపు పరుగెత్తాడు.

రెబ్కా కవరు తెరిచి చూసింది. ఉత్తర్వు ఉంది, సంతకం ఉంది, సీలు ఉంది. ఆమెకు ఏడుపొచ్చింది. ప్రేమ్‌చంద్‌కు చూపించిన ఫారం మాత్రం శిశుగృహానికి గ్యాస్ సిలిండరు కావాలని రాసిన అర్జీ.

తలెత్తి చూస్తే ఆరాధన లేదు.

మైదానం చివర లారీ దగ్గరుంది. లారీ మనిషి చెంచయ్య కుట్టుమిషన్లు ఒక్కొక్కటీ ఎక్కిస్తూ లిస్టులో టిక్కు పెడుతున్నాడు. మూడు చక్రాల బళ్లు అప్పటికే ఎక్కాయి. ఆరాధన కొత్త చెప్పులు విప్పి, దుమ్ము దులిపి, జతగా లారీ అంచున పెట్టింది. తర్వాత వెనక్కి తిరిగి ఒక చేత్తో పావోలాను, ఇంకో చేత్తో మార్కోను పట్టుకుని వచ్చి, వెంకటరావమ్మ మిషన్ వెనక లైనులో నిలబెట్టింది. వాళ్లిద్దరూ పిల్ల ఏదో ఆట ఆడుతోందనుకుని నవ్వుతూ నిలబడ్డారు. పిల్ల నవ్వడం లేదు.

"ఏంది తల్లీ?" అన్నాడు చెంచయ్య.

"ఫోటో అయిపోయింది. వీళ్లని కూడా తీసుకెళ్లండి."

రెబ్కా అక్కడికి చేరేసరికి చెంచయ్య పెన్సిల్ పట్టుకుని లిస్టు పైనుంచి కింద దాకా చూస్తున్నాడు. చూసి, పక్కనున్న అట్ట బోర్డును ఎత్తి, పిలకా మొలతాడుతో ఉన్న మంత్రిగారిని మిషన్ల మధ్య జాగ్రత్తగా నిలబెట్టాడు.

"బిడ్డ ఒకటి, ఎక్కింది" అని టిక్కు పెట్టుకున్నాడు. తర్వాత చెప్పులు తీసి పిల్ల కాళ్ల దగ్గర పెట్టాడు.

"అమ్మానాన్నలు నా లిస్టులో లేరు తల్లీ. వాళ్లని నువ్వే ఉంచుకో."