ఫిల్టరుకు తలంటు

ఆ ఆదివారం పొద్దున జోగారావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఆరింటికి మేడ మీదికి వెళ్లాలి, హాట్ టబ్బు ఫిల్టరు కడగాలి, మళ్లీ బిగించాలి. పదింటికి అపార్ట్‌మెంట్ కమిటీ తనిఖీకి వస్తుంది. నీళ్లు తేటగా ఉంటే టబ్బు ఉంటుంది, లేకపోతే సాయంత్రానికి మేడ దిగుతుంది. సెక్రటరీ రాజశేఖర్ నోటీసు బోర్డు మీద ఆ మాట రాసి, కింద రెండు గీతలు కూడా కొట్టాడు.

టబ్బు మీద జోగారావుకున్న మమకారం ఇంతా అంతా కాదు. ముప్పై నాలుగేళ్లు ఇన్సూరెన్సు ఆఫీసు కుర్చీలో కూర్చుని రిటైరైన మోకాళ్లు ఆయనవి. అశోక్ నగర్ నుంచి చిక్కడపల్లి మార్కెట్టుకు వెళ్లి రెండు వంకాయలు తేవాలన్నా దారిలో మూడుచోట్ల ఆగేవాడు. ఊరి బయట ఏదో రిసార్టు మూతపడి సామాను అమ్ముతుంటే, ఈ టబ్బు కొని క్రేనుతో ఐదో అంతస్తు పైకి ఎక్కించాడు. వేడి నీళ్లలో బుడగలు వచ్చి మోకాళ్లకు తగులుతుంటే, రెండు నెలల్లో మెట్లెక్కేటప్పుడు "అమ్మా" అనడం మానేశాడు. అలాంటిదాన్ని దింపేస్తామంటే ఆ మనిషికి అన్నం సహిస్తుందా?

కానీ కమిటీ తప్పూ లేదు. టబ్బులో నీళ్లు కుడితిలా తయారయ్యాయి. శనివారం అంబర్‌పేట్ నుంచి మెకానిక్ పెద్దులును పిలిపించాడు. పెద్దులు మూత తీసి, లోపలి నుంచి గొట్టంలాంటి ఫిల్టరును బయటికి లాగాడు. పంచె కుచ్చిళ్లను గొట్టానికి చుట్టినట్టు దాని నిండా మడతలు, మడతల నిండా జిడ్డు.

"దీన్ని ఎన్నిసార్లు కడిగిన్రు సార్?"

"అది ఒకటుందని నాకు ఇప్పుడే తెలిసిందయ్యా."

పెద్దులు మడతలో వేలు పెట్టి వాసన చూశాడు. "పిండి లెక్కున్నది. నూనె కూడ ఉన్నది. గిండ్ల బజ్జీలు గిట్ల వేసిన్రా?"

జోగారావు దాచలేదు. వారానికి రెండుసార్లు ఒళ్లంతా నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలుచుకుని, ఆ తర్వాతే టబ్బులో దిగేవాడు. భీమవరంలో పుట్టి పెరిగిన మనిషి, నూనె లేని స్నానాన్ని స్నానమని ఎలా ఒప్పుకుంటాడు?

"ఇది స్నానానికి కాదు సార్," అన్నాడు పెద్దులు ఓపికగా. "స్నానం చేసినంక కూసునేటిది."

కొత్త ఫిల్టరు ముంబై నుంచి రావడానికి నాలుగు రోజులు పడుతుందట. అప్పటిదాకా పాతదాన్నే మందు నీళ్లలో నానబెట్టి, మడత మడత విప్పి, మస్తు నీళ్లు కొట్టి కడగాలట. ఆ మందు సోమవారం తెస్తానని చెప్పి పెద్దులు వెళ్లిపోయాడు. పాత నీళ్లు తోడించి, కొత్త నీళ్లు పట్టించి, జోగారావు దిగాలుగా ఇంటికొచ్చాడు. జిడ్డు ఫిల్టరుతో మోటారు వేస్తే ఆ కొత్త నీళ్లూ కుడితవుతాయి. తనిఖీ ఆదివారం, మందు సోమవారం. పెళ్లయ్యాక బాజాలొచ్చినట్టుంది వ్యవహారం.

"నూనె జిడ్డుకు మందెందుకండీ," అంది ఆయన భార్య కుసుమ. "నా పట్టుచీరలు, మీ అమ్మగారి వెండి గిన్నెలు, మీ తల, అన్నీ నలభై ఏళ్లుగా కుంకుడుకాయలతోనే కదా రుద్దుతున్నాను. దానికీ ఓ తలంటు పోసేద్దాం."

మాటలో న్యాయం ఉంది. కిలో కుంకుడుకాయలు కొట్టి నానబోశారు. ఆదివారం ఆరింటికి ఆ చిక్కటి పులుసులో ఫిల్టరును ముంచి, పళ్లుతోమే పాత బ్రష్షుతో భార్యాభర్తలిద్దరూ మడత మడతా రుద్దారు. జిడ్డంతా వదిలి ఫిల్టరు మల్లెపువ్వులా తేలింది. జోగారావు దాని మీద రెండు చెంబులు నీళ్లు పోసి, మూడో చెంబు ఎత్తబోయాడు.

"చాలు లెండి," అంది కుసుమ. "కాస్త పులుసు లోపల ఉంటే మంచిదేగా. టబ్బు కూడా శుభ్రపడుతుంది."

తొమ్మిదింటికి ఫిల్టరు బిగించి మోటారు స్విచ్ వేశాడు. బుడగలు వచ్చాయి, వాటి వెనకే తెల్లటి నురగ వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చి పదేళ్లుగా అక్కడే కాపలా ఉన్న బీరయ్య తొంగి చూశాడు.

"సారు, పొంగుతున్నది."

"పొంగనీ బీరయ్యా. మురికి వదులుతోంది."

మురికి ఎప్పుడో వదిలింది, పొంగు మాత్రం వదలలేదు. నురగ అంచు దాటింది. పాలు పొంగితే ఏ ఇల్లాలైనా చేసేదే కుసుమా చేసింది, చన్నీళ్లు చిలకరించింది. నురగ ఇంకో జానెడు లేచింది. బీరయ్య పైపు తెచ్చి ధారగా కొట్టాడు. అంతే, నురగ నడుమెత్తు పెరిగి, మేడంతా పరుచుకుంది. స్విచ్ ఆపుదామంటే స్విచ్ పెట్టె ఎటుందో కనబడదు. జోగారావు కళ్లద్దాల నిండా నురగే.

"నువ్వు చెయ్యి పెట్టి చూడవయ్యా బీరయ్యా."

"కరెంటున్న కాడ నురుగుల చెయ్యి పెట్టమంటవా సారు? నాకిద్దరు పిల్లలు."

ఈలోగా నురగ వాన నీటి గొట్టంలోకి దారి చూసుకుంది. మూడో అంతస్తులో ఆ గొట్టానికి ఓ పగులుంది. కమిటీ మెంబరు స్వరూప బట్టలారేస్తుంటే, ఆ పగుల్లోంచి తెల్లటి నురగ బుసబుసమంటూ ఆమె బాల్కనీలోకి వచ్చింది. కంగారులో టబ్బు సంగతి తట్టలేదు. పైనున్నది నీళ్ల ట్యాంకు కదా, ఎవరో ట్యాంకులో ఏదో కలిపారని ఆమె నిశ్చయించుకుంది. పరుగున కిందికి దిగి, బిల్డింగు మొత్తానికి నీళ్లొచ్చే వాల్వు బంద్ చేసి, ఫోనులో గ్రూపుకు మెసేజి పెట్టింది: "ట్యాంకుల మందు కలిసింది. ఎవ్వరు నీళ్లు తాగకుండ్రి."

ఆ సమయానికి నాలుగో అంతస్తులో సెక్రటరీ రాజశేఖర్ తనిఖీకి తయారవుతూ తలకు షాంపూ పెట్టుకుని ఉన్నాడు. నల్లా తిప్పితే గాలి వచ్చింది. కళ్లు మండుతున్నాయి, పిలిస్తే పలికేవాళ్లు లేరు. టబ్బు కోసం జోగారావే నీళ్లు ఆపి ఉంటాడనుకుని, తువ్వాలు చుట్టుకుని, కళ్లు మూసుకుని, గోడ తడుముకుంటూ మేడెక్కాడు.

"ఏంది పరేషాన్ జోగారావుగారు? నీళ్లెందుకు బంద్ వెట్టిన్రు?"

జోగారావు కేక పెట్టాడు. "అక్కడే ఆగండి రాజశేఖర్ గారూ. అడుగు వేయకండి."

"ముందు నీళ్లెక్కడున్నయో చెప్పుండ్రి. కండ్లు మండుతున్నయ్."

"నీళ్లు మీ ముందే ఉన్నాయండీ, అందుకే..."

నీళ్లు ముందున్నాయన్న మాటే ఆయన చెవికెక్కింది. రెండడుగులు వేశాడు. మూడో అడుగుకు మనిషి లేడు. నురగలో దబ్బుమని చప్పుడు, ఆ తర్వాత ఏమీ లేదు. టబ్బు పోవడం సంగతి అలా ఉంచి, తనను జైల్లో పెడతారని జోగారావు ఖాయం చేసుకున్నాడు. జైల్లో మోకాళ్ల సంగతి ఎవరు చూస్తారు?

"పోయిండా సారు?" అన్నాడు బీరయ్య నెమ్మదిగా.

నురగలోంచి నిదానమైన గొంతు వినబడింది. "జోగారావుగారు, ఇది నడుముకు గిట్ల తగులుతనే ఉంటదా?"

"ఉంటుందండి," అన్నాడు జోగారావు ప్రాణం కుదుటపడి. "కాస్త ఎడమకు జరిగితే ఇంకా బాగా తగులుతుంది."

రాజశేఖర్ జరిగాడు. ఆరేళ్ల నడుమునొప్పి మనిషి, నిట్టూర్చిన తీరుకే కుసుమకు జాలేసింది.

సరిగ్గా పదింటికి స్వరూప ముందు నడవగా కమిటీ మేడెక్కింది. తెల్లటి నురగ మధ్యలో సెక్రటరీ తల ఒక్కటే కనబడింది. రాజశేఖర్ గొంతు సవరించుకున్నాడు.

"తనిఖీ చేస్తున్న. గట్టు మీద నిలవడి చెప్పేటిది కాదిది, దిగి చూడాలె. నీళ్లు మంచిగున్నయ్, వాసన లేదు. ఉంచొచ్చు."

"తనిఖీ ఇంకెంతసేపు అయితది సార్?" అడిగింది స్వరూప.

"ఇంకో అర్ధగంట."

జోగారావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ సంతోషంలో చేతులు జోడించి, గోదావరి జిల్లాల్లో పుట్టినవాడు ఎవరైనా అనే మాటే అన్నాడు. "చాలా సంతోషమండి. నాదేముంది, ఈ టబ్బు మీ అందరిదీ అనుకోండి."

ఆ వైపున అలాంటి మాటకు "అయ్యో, ఎంతమాట" అనడం మర్యాద. ఇక్కడ స్వరూప పెన్ను తీసి మినిట్స్ పుస్తకంలో రాసుకుంది.

సోమవారం నోటీసు బోర్డు మీద కొత్త కాగితం వెలిసింది. ఇంటికి ఇరవై నిమిషాల చొప్పున టబ్బు వంతులు. పొద్దున చల్లటి పూట సెక్రటరీది. జోగారావుది గురువారం మధ్యాహ్నం రెండింటికి, మాడు పగిలే ఎండలో. నూనె, సున్నిపిండి, కుంకుడుకాయలు మేడ మీదికి తేరాదు. ఫిల్టరు కడగడంలో అనుభవం ఉన్నవారు ఒక్కరే కనుక ఆ పని వారం వారం వారే చూడగలరు.

నాలుగో రోజున ముంబై నుంచి కొత్త ఫిల్టరు వచ్చింది. బీరయ్య ఎవరినీ అడక్కుండా దాన్ని తెచ్చి జోగారావు గుమ్మం ముందు పెట్టాడు, టబ్బు అందరిదైనా ఫిల్టరు మాత్రం ఆయనదేనని.