ఏకగ్రీవ అభ్యంతరం

మౌనం కంపెనీ ఆరోగ్యానికి హానికరమని హోషికావా సీట్ పార్ట్స్ వారి నగోయా హెడ్డాఫీసు ఈ సంవత్సరం కనిపెట్టింది. జపాన్‌లో కంపెనీలు నడిపే తీరు మారుతోందనీ, బోర్డులో అందరూ కలిసి తలలూపే రోజులు పోయాయనీ, ఇకపై ప్రతి మీటింగులో కనీసం ఒక అభ్యంతరం ఉండి తీరాలనీ ఆదేశించింది. (ఈ ఆదేశానికి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.)

మిషిగన్‌లోని ట్రాయ్ ఆఫీసులో ఆ బాధ్యత చంద్రిక మీద పడింది. ఎనిమిదేళ్లుగా అక్కడ ఇంజినీరు. ఒకసారి బ్రేక్ రూమ్‌లో కాఫీ బాగాలేదని పైకే అనేసింది కాబట్టి, అనుభవం ఉన్నట్టే లెక్క.

మొదటి మీటింగు అజెండాను ఆమె రెండుసార్లు చదివింది. టెస్టింగ్ ల్యాబ్ మూసివేత. అందులో పనిచేసే ఆరుగురిలో రాధాకృష్ణ ఒకరు. ఆయన హెచ్-వన్ వీసా మీద ఉన్నారు. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే దేశం వదలాలి. కూతురు వేద ఈ ఏడే ట్వెల్త్ గ్రేడ్.

"నువ్వొక్కదానివే మాట్లాడగలవమ్మా," అన్నారాయన.

"మాట్లాడతాను రాధాకృష్ణ గారూ. ఇప్పుడు నా డ్యూటీనే అది!"

అయితే అభ్యంతరానికీ ఓ పద్ధతి ఉంది. మీటింగులో ఎవరూ ఉలిక్కిపడకుండా, ప్రెసిడెంటుతో కలిపి మీటింగుకొచ్చే పదకొండు మందినీ ముందే విడివిడిగా కలిసి ఒప్పించాలి. చంద్రిక మూడు వారాలు తిరిగింది. ల్యాబ్ పట్టుకున్న లోపాలన్నీ ఫొటోలతో సహా చూపించింది. అందరూ ఒప్పుకున్నారు. ప్రెసిడెంట్ మొరిటా గారైతే ఆమె రాసిన అభ్యంతరం చదివి కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"చాలా మంచి అభ్యంతరం చంద్రికా-సాన్. నా అభిప్రాయమూ ఇదే. రెండో పేరాలో 'మూయొద్దు' అన్న మాటే కాస్త..."

ఆమె దాన్ని 'ఆలోచించదగినది' అని మార్చింది.

మీటింగు రోజు లేచి అభ్యంతరం చదివింది. పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. అభ్యంతరం ఏకగ్రీవంగా నెగ్గింది. తర్వాతి అంశం ల్యాబ్ మూసివేత. అదీ ఏకగ్రీవంగా నెగ్గింది. (రెండూ వేర్వేరు అంశాలు, వేర్వేరు ఫారాలు.)

చంద్రిక మళ్లీ లేవబోయింది. మొరిటా గారు ఆప్యాయంగా చెయ్యెత్తి ఆపారు. "ఈ మీటింగు కోటా అయిపోయింది కదా!"

పార్కింగ్ లాట్‌లో రాధాకృష్ణ తన కారు పక్కనే నిలబడి ఉన్నారు.

"ఏమన్నారమ్మా?"

చంద్రిక ఆయన వంక చూడలేకపోయింది.

"అందరూ మనమే కరెక్ట్ అన్నారండీ. శుక్రవారంలోగా మీ బ్యాడ్జి ఇచ్చేయమన్నారు."