మంత్రిగారి పోయిన వారం

"ఉత్తరాలు రాయడం గత ప్రభుత్వాల పని. రాసిన ఉత్తరం చేరిందా లేదా అని కనిపెట్టడం మా ప్రభుత్వం పని!"

మంత్రి జగన్మోహన్‌రావు గారు కరీంనగర్‌లో ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ముందు వరసలో కాదు. రోడ్డుకు ఇవతల, నా జిరాక్స్, ఇంటర్నెట్ సెంటర్ గుమ్మంలో. అయినా ఒక్క ముక్క కూడా పోకుండా విన్నాను. మైకు కట్టింది నా షట్టర్‌కే.

మంత్రిగారి శాఖ పేరు ఇక్కడ రాయడం లేదు. అది చాలా పొడుగు. బోర్డు మీద పట్టక సగం ప్రహరీ గోడ మీద రాశారు. ఆ రోజు ఆ గోడ వెనక ప్రారంభమైనది ఈ-మెయిల్ చేరిక నిఘా కేంద్రం. ఇందులో గోడంత స్క్రీన్ ఒకటి ఉంటుంది. దానిమీద జిల్లాలోని సంఘాల పేర్లన్నీ ఉంటాయి. శాఖ పంపిన మెయిల్ ఆ సంఘం పెట్టెలో పడితే పేరు పక్కన పచ్చ వెలుగుతుంది. పడకుండా తిరిగొస్తే ఎరుపు. ఇంత గొప్ప పని మన దగ్గర జరుగుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది.

మొదటి మెయిల్ మా మరమగ్గాల సంఘానికే. బతుకమ్మ పండుగకు ఆడవాళ్ళకు పంచే చీరలు నేసే ఆర్డరు అది. శనివారం లోపు "ఒప్పుకుంటున్నాం" అని జవాబివ్వాలి. ఇవ్వకపోతే ఆర్డరు పక్క రాష్ట్రం మిల్లుకు పోతుంది. మంత్రిగారు కళ్ళు మూసుకుని, దేవుణ్ణి తలచుకుని, మీట నొక్కారు. కళ్ళు తెరిచేసరికి సంఘం పేరు పక్కన పచ్చ నిగనిగలాడుతోంది.

"చూసిండ్రా! నొక్కకముందే చేరింది!" అన్నారు స్పెషల్ ఆఫీసర్ వంశీధర్‌రావు గారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మర్నాడు పొద్దున సంఘం అధ్యక్షుడు లక్ష్మీరాజం, భార్య కనకవ్వ నా షాపుకొచ్చారు. వాడలో మగ్గాలు ఆగిపోయి చాలా రోజులైంది. ఈ ఆర్డరు వస్తే వాడంతా మళ్ళీ పని మొదలుపెడుతుంది, రాకపోతే సగం మంది మగ్గాల పని వెతుక్కుంటూ భివండీ బస్సెక్కుతారు. అందుకే లక్ష్మీరాజం కొత్త చొక్కా వేసుకుని మరీ వచ్చాడు. సంఘం మెయిల్ ఎప్పుడూ నా దగ్గరే తెరుస్తారు.

తెరిచాను. ఆర్డరు లేదు. స్పామ్‌లో చూశాను. అక్కడా లేదు. పైన మాత్రం "పెట్టె నిండిపోయింది" అని ఉంది.

"దేనితోని నిండింది లింగమూర్తీ?" అంది కనకవ్వ.

మంత్రిగారితో నిండింది. ఉగాదికి మంత్రిగారు నమస్కారం పెడుతున్న ఫోటో, ఉగాది అయిపోయినందుకు మరో నమస్కారం, ఆయన మనవడి పంచెల ఫంక్షన్, ఆయన మోకాలి ఆపరేషన్ విజయవంతం, పోయిన వారం ఆయన పుట్టినరోజు. ఒక్కో ఫోటో ఎంత పెద్దదంటే మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. పుట్టినరోజు ఫోటోతో పెట్టె గొంతు దాకా నిండింది. ఆ తర్వాత వచ్చిన ఆర్డరుకు జాగా లేక వెనక్కి పోయింది.

"తీసేస్తే సరి" అన్నాను.

లక్ష్మీరాజం నా చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు లింగమూర్తీ! మంత్రి ఫోటో తీసేసినోని పేరు గా స్క్రీన్ మీద పడ్తదట. నాకెందుకు లేనిపోని పరేషాన్? పోయి సార్‌నే అడుగుత."

ముగ్గురం రోడ్డు దాటాం. వంశీధర్‌రావు గారు స్క్రీన్ ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

"సార్, మాకు ఆర్డరు రాలే సార్."

"వచ్చింది. పచ్చగున్నది చూడు."

"మా పెట్టెల లేదు సార్. లింగమూర్తి గూడ చూసిండు."

"మీకు రాకపోవచ్చు లక్ష్మీరాజం. కానీ చేరింది."

ఈ మాటలోని లోతు నాకు ఇంటికి పోయాక గాని తెలియలేదు. లక్ష్మీరాజానికి అప్పటికీ తెలియలేదు. వారం రోజులు రోజూ వెళ్ళి అడిగాడు. రోజూ చేరిందనే విన్నాడు. శనివారం వచ్చింది, పోయింది. వాడలో భివండీ బస్సు టికెట్ల మాట మొదలైంది.

మంగళవారం నాడు సంఘం పేరు పక్కన పచ్చ ఆరిపోయి ఎరుపు పడింది.

వంశీధర్‌రావు గారు పరుగెత్తుకుంటూ వెళ్ళి స్క్రీన్ చూసుకునే ఇంజనీరు దీక్షితను లాక్కొచ్చారు. ఆ అమ్మాయి చెప్పింది: "సార్, ఈ రిపోర్టు వారం లేటుగా వస్తది. అవతలి మెయిల్ కంపెనీలు లెక్కలు కట్టి పంపాలె కదా. మనం మొదటి రోజు చూసిన పచ్చ పుట్టినరోజు ఫోటోది. ఇప్పుడు కనబడే ఎరుపు ఆర్డరుది."

"అంటే మనం చూసేది..."

"పోయిన వారం సార్."

ఎవరి ద్వారా పొక్కిందో గాని, "మంత్రిగారి స్క్రీన్ వారం లేటు" అని మర్నాడు పేపర్లో వచ్చింది. ఇంకొకరైతే కుంగిపోయేవారు. జగన్మోహన్‌రావు గారు వెంటనే ప్రెస్‌మీట్ పెట్టారు.

"స్క్రీన్ లేటు కాదు. తేదీయే తొందరపడుతోంది. లోపం తేదీది. దాన్ని సరిచేస్తాం."

తర్వాత గదిలోకెళ్ళి వంశీధర్‌రావు గారితో అన్న మాట కిటికీ పక్కనున్న నేను విన్నాను. "స్క్రీన్‌ను ముందుకు గుంజుడు మనతోని అయితదా?"

"కాదు సార్. అది అమెరికోళ్ళ చేతుల ఉన్నది."

"క్యాలెండరు ఎవల చేతుల ఉన్నది?"

"అది మనదే సార్. గోడకే ఉన్నది."

"ఇగ ఫికరెందుకు? గుంజు వెనక్కి!"

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. ఈ శాఖ కార్యాలయంలో తేదీ ఒక వారం వెనక్కి జరపబడినది. ఆలోచించిన కొద్దీ మంత్రిగారి మేధస్సుకు దండం పెట్టాలనిపించింది. సరిగ్గా వారం కాబట్టి బుధవారం బుధవారమే. ఆదివారం సెలవుకు ఢోకా లేదు. తేదీ ఒక్కటే మారింది. స్క్రీన్ మీద కనబడేది ఇక పోయిన వారం సంగతి కాదు, సాక్షాత్తూ ఈ రోజు సంగతి!

ఆ నెలాఖరుకు రిటైర్ కావలసిన అటెండరు మిఠాయిలు పంచాడు. మక్కజొన్నల మీటింగ్‌కు ఖానాపూర్ నుంచి రైతులు సరైన రోజునే వచ్చారు, అదే వాళ్ళు చేసిన తప్పు. వాళ్ళను మెచ్చుకుని, వారం తర్వాత రమ్మని పంపేశారు. గణేశ్ నిమజ్జనం శోభాయాత్రను ప్రారంభించడానికి మంత్రిగారు ఆఫీసు తేదీ ప్రకారం ఠంచనుగా చెరువు దగ్గరికి వెళ్ళారు. ఊళ్ళో గణపతులందరూ వారం కిందనే నీళ్ళలో కలిశారు. పెద్ద క్రేన్ మాత్రం సిద్ధంగా ఉంది. వంశీధర్‌రావు గారు అప్పటికప్పుడు మట్టి తెచ్చి అరచేతిలో పట్టేంత గణపతిని చేయించారు. ఆ క్రేన్ ఆ గణపతిని ఎత్తి నడి చెరువులో దించుతుంటే మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. బ్యాండు మేళం వాళ్ళవి కూడా, నవ్వాపుకోలేక.

ఇంతకీ లక్ష్మీరాజం సంగతి. తేదీ వెనక్కి పోగానే అతని శనివారం మళ్ళీ ముందుకొచ్చింది! గడువు బతికింది! అతను నా షాపులోకి పరుగెత్తుకొచ్చి నన్ను పట్టుకుని గిరగిరా తిప్పాడు.

"ఆర్డరు మళ్ల పంపుతరట! కానీ పెట్టెల జాగా లేకపాయె. ఫోటోలు తీసేయడానికి పర్మిషన్ కాగితం పెట్టిన..."

"గా పర్మిషన్ వచ్చేసరికి మల్ల ఉగాది అయితది" అంది కనకవ్వ. చీర కొంగు బొడ్లో దోపి, నన్ను జరగమని కుర్చీలో కూర్చుంది. "ఏది ఒత్తాలె?"

చెత్తబుట్ట బొమ్మ చూపించాను. ఆమె వేలు పెట్టి ఒత్తింది. ఉగాది పోయింది. మనవడు పోయాడు. మోకాలు పోయింది. పుట్టినరోజు దగ్గర లక్ష్మీరాజం కళ్ళు మూసుకున్నాడు. అదీ పోయింది. టీ తాగి వచ్చేలోపు ఆర్డరు మెయిల్ వచ్చి పెట్టెలో పడింది. చప్పట్లు కొట్టే మంత్రి, అధికారి లేకుండా ఊరికే వచ్చి పడింది. "ఒప్పుకుంటున్నాం" అని జవాబిచ్చి ముగ్గురం రోడ్డు దాటాం. ఇక మంత్రిగారి సంతకం పడితే చాలు.

వంశీధర్‌రావు గారు జవాబు చదివి నుదురు ముడిచారు. "మీ జవాబు వచ్చింది. కానీ మా మెయిల్ మీకు చేరినట్టు ఇంకా రాలే. చేరని మెయిల్‌కు జవాబెట్ల ఇచ్చిండ్రు?"

"మాకు చేరింది సార్!"

"మీకు చేరొచ్చు. స్క్రీన్ మీద చేరాలె. పచ్చ పడనీ, సంతకం పెట్టిస్త."

అంటే ఇంకో వారం. లక్ష్మీరాజం నిఘా కేంద్రం బెంచీ మీద కూర్చున్నాడు. రోజూ వచ్చి అదే బెంచీ, అదే మూల, కళ్ళు స్క్రీన్ మీద. మగ్గాల వాళ్ళు ఫోన్లు చేసి "పచ్చ పడ్డదా?" అని అడిగేవారు. "పడ్తది, జర ఆగుండ్రి" అనేవాడు.

పచ్చ పడాల్సిన గురువారానికి ముందు రోజు, బుధవారం సాయంత్రం, టీవీల్లో పిడుగు పడింది. జగన్మోహన్‌రావు గారిని మంత్రివర్గం నుంచి తప్పించారు. ఆయన స్థానంలో నిర్మలాదేవి గారు ప్రమాణం కూడా చేసేశారు.

కొత్త మంత్రి అంటే కొత్త ఫైలు. కొత్త ఫైలు అంటే పండుగ దాటిపోతుంది. గురువారం పొద్దున్నే లక్ష్మీరాజం ఆఫీసుకు పరుగెత్తాడు. నేను షట్టర్ సగం దించి వెనకే పరుగెత్తాను.

లోపల జగన్మోహన్‌రావు గారు ఎప్పటిలాగే కుర్చీలో కూర్చుని ఇడ్లీ తింటున్నారు.

"సార్... టీవీల..."

"టీవీల తేదీ ఎంత?" అన్నారు ఆయన. గోడ వైపు చూపించారు. "మా తేదీ ఎంత? నన్ను తీసేసేది వచ్చే బుధవారం. అప్పటిదాక మంత్రినే కదనయ్యా."

అప్పుడే గులాబీ పూలదండలతో, నాలుగు కార్లతో నిర్మలాదేవి గారు దిగారు. వంశీధర్‌రావు గారు గుమ్మం దగ్గరే వినయంగా ఆపారు.

"నమస్తే మేడమ్. మీరు ఇంకా మంత్రి కాలే."

"నిన్న ప్రమాణం చేసిన కదయ్యా!"

"అది మాకు వచ్చే బుధవారం మేడమ్. గప్పటి దాక విజిటర్స్ బెంచీ ఉన్నది."

ఆమె లక్ష్మీరాజం పక్కన కూర్చున్నారు. కాసేపు స్క్రీన్ వైపు చూసి, "నువ్వెందుకు కూసున్నవ్?" అని అడిగారు. "పచ్చ కోసం మేడమ్" అన్నాడు లక్ష్మీరాజం, కొంచెం జరిగి జాగా ఇస్తూ. జగన్మోహన్‌రావు గారు మర్యాదస్తులు. ఇద్దరికీ టీ పంపించారు.

మధ్యాహ్నం సంఘం పేరు పక్కన పచ్చ పడింది. లక్ష్మీరాజం బెంచీ మీంచి ఎగిరాడు. మాజీ మంత్రిగారు, తప్పు, మంత్రిగారు ఫైలు తెప్పించుకుని పెద్ద సంతకం పెట్టి, గోడ చూసి తేదీ వేశారు. ఆ తేదీకి ఆయన ఢిల్లీ లెక్కన, హైదరాబాద్ లెక్కన, ఏ లెక్కన చూసినా మంత్రే. నిర్మలాదేవి గారి వకీలు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "వంక పెట్టడానికి లేదు మేడమ్" అన్నాడు. ఆ రాత్రే వాడలో మగ్గాలు దడదడమన్నాయి. నేను నా షాపులో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను.

ఆ తర్వాతి బుధవారం నిర్మలాదేవి గారు కుర్చీ ఎక్కారు. ముందు ఆ క్యాలెండరు చింపుతారని అందరం అనుకున్నాం. ఆమె దాని ముందు చాలాసేపు నిలబడ్డారు.

"వంశీధర్‌రావ్, రేపు నన్ను తీసేసినా గిట్లనే ఇంకో వారం ఉంటనా?"

"ఉంటరు మేడమ్. సంతకంతోని సహా."

"దీనికి అద్దం ఫ్రేము కట్టించుండ్రి. ఎవలూ ముట్టద్దు."

చీరలు తయారయ్యాయి. సంఘం గోడౌన్‌లో కప్పు దాకా పేర్చారు. ఎక్కడ అప్పజెప్పాలో మెయిల్ పంపుతామని శాఖ చెప్పింది. తంగేడు పూసింది, గునుగు పూసింది, పండుగ వాకిట్లోకి వచ్చింది, మెయిల్ రాలేదు. లక్ష్మీరాజం, కనకవ్వ మళ్ళీ నా షాపుకొచ్చారు. పెట్టె తెరిచాను.

నిర్మలాదేవి గారు నమస్కారం పెడుతున్నారు. కుర్చీలో కూర్చుని నమస్కారం, కుర్చీలోంచి లేచి నమస్కారం, బెంచీ రోజుల జ్ఞాపకంగా నమస్కారం. పైన "పెట్టె నిండిపోయింది" అని ఉంది. రోడ్డవతల స్క్రీన్ మీద సంఘం పేరు పక్కన పచ్చ నిగనిగలాడుతోంది.

"నేను పోయి సార్‌ను అడిగొస్త" అని లక్ష్మీరాజం గుమ్మం దిగాడు.

"నువ్వు నిమ్మళంగ అడిగి రా" అంది కనకవ్వ. కొంగు బొడ్లో దోపుకుని, కుర్చీ ముందుకు గుంజుకుంది. "లింగమూర్తీ, గా చెత్తబుట్ట బొమ్మ యాడున్నదిరా?"