మెట్లకు కట్టిన తెల్ల షామియానా

మంగళవారం పొద్దున పదింటికల్లా మెట్లకు ముసుగు వేసేయాలన్నది పథకం. అది బ్రహ్మాజీది కాదు, మునిసిపాలిటీలో గుమాస్తాగా చేసి దిగిపోయిన శేషగిరిరావుది. నరసరావుపేటలో రెండు సెంట్లలో ఇల్లు కట్టిన ప్రతివాడికీ ఇలాంటి సలహాదారుడొకడు దొరుకుతాడు. ఇల్లు నిలబడినా కూలినా ఆయనకు కాఫీ మాత్రం తప్పదు.

ఓనరు లారీ మీద రాళ్ళు తోలే బ్రహ్మాజీ, ఇంటి పక్క ఖాళీగా వదలాల్సిన సందులోకి మెట్లు దించాడు. మినహాయింపు కోసం పెట్టుకున్న దరఖాస్తులో రెండడుగులు ముందుకొచ్చాయని రాశాడు. వచ్చింది మూడు. ఆ ఒక్క అడుగు అబద్ధానికి మూడు నెలలుగా గేటు చప్పుడైతే చాలు ఉలిక్కిపడుతున్నాడు. మెట్లు కొట్టేస్తే పైగదికి దారి లేదు. పైగదిలో కూతురు సాయిశ్రీ కుట్టుమిషన్లున్నాయి. ఇల్లు సగం గడిచేది వాటి మీదే. నిన్న వార్డు సచివాలయం నుంచి ప్లానింగ్ మేడమ్ ఫోన్ చేసి, "రేపు పదింటికి వస్తాం, ఇంటి దగ్గరుండండి" అన్నప్పటినుంచీ అతనికి ముద్ద దిగలేదు.

"నువ్వు కనపడబాకరా. నీ మొహం చూస్తేనే మూడడుగులని తెలిసిపోద్ది. ఎనక గదిలో కూచో," అన్నాడు శేషగిరిరావు. "అమ్మాయ్ ప్రసన్నా, పాత చీర కట్టుకో. గొలుసు, గాజులు తీసి లోపల పెట్టు. పేదోళ్ళలాగా కనపడాల. ఎవరేమడిగినా నోరెత్తబాక, తల దించుకో."

"మంగళారం పూట బోసి మెడతోనా బాబాయ్?" అంది బ్రహ్మాజీ భార్య ప్రసన్నలక్ష్మి.

"పసుపుతాడు జాకెట్లోకి దోపుకో. మెట్లు ముఖ్యమా, సెంటిమెంటు ముఖ్యమా?"

"మరి మెట్లు దాచేదెట్టా?" అన్నాడు బ్రహ్మాజీ.

"షామియానా! గోడ తెలుపు, మెట్లు తెలుపు. తెల్లగుడ్డ కడితే ఆడ ఏముందో దేవుడిక్కూడా తెలవదు."

షామియానాల షఫీక్‌కు ఫోన్ చేసింది కూడా ఆయనే. "బ్రహ్మాజీ ఇంటికి. తెల్లది. గబాల్న పంపు."

పొద్దున్నే తెల్ల షామియానా అడిగిన ఇంట్లో ఎవరు పోయారని అడగడం మర్యాద కాదు. షఫీక్ అడగలేదు. అడగకుండానే నలభై కుర్చీలూ, నీళ్ళ క్యానూ, తన వంతుగా ఒక దండా పంపాడు.

కుర్చీలు దిగడం ఎదురింటి ధనమ్మ చూసింది. బోసి మెడతో తల దించుకున్న ప్రసన్నలక్ష్మినీ చూసింది. రోజూ ఈపాటికి వాకిట్లో పళ్ళు తోముకునే బ్రహ్మాజీ మాత్రం కనపడలేదు. పాలు దించేసి, స్టవ్ ఆర్పేసి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యో నా తల్లీ, ఎంత పని జరిగిందే! నిన్న సాయంత్రం గూడా బానే ఉండె గదే!"

మెట్ల సంగతి వీధికంతా తెలిసిపోయిందనుకుంది ప్రసన్నలక్ష్మి. నోరెత్తకూడదు గనక ధనమ్మ భుజం మీద తలపెట్టి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది, మూడు నెలల ఏడుపు.

వీధికి అంతకన్నా రుజువు ఏం కావాలి? అరగంటలో కుర్చీలు నిండాయి. ఇంటింటా స్టవ్‌లు ఆరాయి. పక్కవీధి నుంచి ఉప్మా గిన్నె వచ్చింది. లారీ ఓనరు డ్రైవర్లను వెంటబెట్టుకొచ్చి, "చానా మంచోడు. డీజిలు కొట్టేసినా పద్ధతిగా కొట్టేసేవోడు," అని కళ్ళు తుడుచుకుని, ఫ్రీజర్ బాక్సుకు ఫోన్ చేశాడు. లోపలికి పోబోయిన వాళ్ళకు ప్రసన్నలక్ష్మి గుమ్మంలో అడ్డం నిలబడింది. జనం ఏమనుకుంటున్నారో అర్థమైనా, మొగుడు కనపడితే కొంప మునుగుతుందని ఆమె భయం. శేషగిరిరావు చెప్పులు చేత్తో పట్టుకుని సందులోంచి జారుకున్నాడు.

వెనక గదిలో బ్రహ్మాజీకి ముందు ఏడుపు వినపడింది. మెట్లు కొట్టేస్తున్నారనుకుని, గునపం చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. ధనమ్మ గొంతులో వినపడింది తన పేరు.

"ఓ బ్రహ్మాజీ, నీ పెళ్ళాన్ని ఎవరి పాలు జేసి పోయినావు నాయనా!"

బయటికెళితే మేడమ్ కంటపడాలి, మెట్లు పోతాయి. వెళ్ళకపోతే తను పోయినట్టే. కిటికీ సందులోంచి చూస్తే ఫ్రీజర్ బాక్సు దిగుతోంది. అతను మంచం కిందికి దూరాడు.

సరిగ్గా పదింటికి ప్లానింగ్ సెక్రటరీ భార్గవి వచ్చింది. గేటు దగ్గరే చెప్పులు విడిచింది. "నిన్న ఫోన్లో బాగానే మాట్లాడారే!"

"మడిసి ప్రాణం ఎంతసేపమ్మా," అంది ధనమ్మ.

భార్గవి ట్యాబ్ తీసి, షామియానాను ఫొటో తీసి, ఏదో నొక్కింది. తర్వాత ప్రసన్నలక్ష్మి చేయి పట్టుకుంది. "ఈ టైంలో చెప్పకూడదు గానీ, మీ మెట్లకి మినహాయింపు వచ్చిందండీ. ఆయన రెండడుగులని రాశారు. మూడని మాకు సర్వేలోనే తెలుసు, మూడుకే ఇచ్చాం. సంతకం పెట్టించుకుందామని వచ్చాను."

వెనక గది తలుపు ధడాలున తెరుచుకుంది.

"నేనున్నా మేడమ్! నేను పెడతా సంతకం!"

ఒంటినిండా బూజుతో బ్రహ్మాజీ పరుగెత్తుకొచ్చాడు. ధనమ్మ ఉప్మా గిన్నె మీద పడిపోయింది. డ్రైవర్లు గోడ దూకారు.

"ఒరేయ్, సచ్చినోడివి సచ్చినట్టు ఉండలేవంట్రా!" అని అరిచాడు ఓనరు.

జనం కుదుటపడ్డాక బ్రహ్మాజీ పెన్ను కోసం చేయి చాచాడు. భార్గవి ట్యాబ్ వంక చూసి, అతని వంక చూసింది.

"దరఖాస్తుదారుడు చనిపోయారని ఇప్పుడే ఎక్కించేశానండీ. ఫొటోతో సహా."

"బతికే ఉన్నాగా మేడమ్! నన్నొక ఫొటో తీసి ఎక్కించండి."

"ఒకసారి పోయాక ఇది మళ్ళీ తీసుకోదండీ. బతికున్నట్టు ధ్రువపత్రం తెస్తే ఫైలు తెరుస్తారు. అప్పటిదాకా మెట్లు ఎవరూ కొట్టర్లెండి. నోటీసివ్వాలన్నా మనిషుండాలిగా."

మధ్యాహ్నం సచివాలయంలో అతని వంతు వచ్చేసరికి మూడయింది. గుమాస్తా కంప్యూటర్లో పేరు చూసి, తల ఎత్తకుండానే అడిగాడు.

"పోయినాయనకి నువ్వేమవుతావు?"

బ్రహ్మాజీ కౌంటరు మీదికి వంగాడు. "దగ్గరోణ్ణే సార్."

గుమాస్తా అతన్ని వారసుల జాబితాలో, భార్యా కూతుళ్ళ తర్వాత, మూడోవాడిగా రాసుకున్నాడు.