కొండ మీద గీత

మా ఆవిడ కొండల బొమ్మ వేసి ఆరబెట్టి, బయటికి వెళ్తూ ఒకే ఒక్క మాట చెప్పింది: "ఆ బొమ్మను ముట్టుకోకండి." నేను ముట్టుకోలేదు, ఒట్టు. త్వరగా ఆరుతుందని టేబుల్ ఫ్యాన్ దగ్గరికి జరిపానంతే. ముట్టుకున్నది ఫ్యాను, అది కూడా బోర్లా పడి.

ఊదారంగు కొండ మీద బొటనవేలంత తెల్లటి గీత పడింది. ఆవిడ వేసిన బొమ్మల్లో బయటివాళ్లు కావాలని అడిగిన మొదటి బొమ్మ ఇదే. ఐదింటికి పళ్ల డాక్టరమ్మ వచ్చి తన ఆస్పత్రికి తీసుకెళ్తుంది. నాలుగున్నరకల్లా ఆవిడ తిరిగొస్తుంది. గడియారం నాలుగు చూపిస్తోంది.

ఎరుపూ నీలమూ కలిస్తే ఊదా, చిన్నప్పుడే చదువుకున్నాం కదా! ఆవిడ రంగు ట్యూబులన్నిటిలోకీ ఎర్రటి ఎరుపు ఏరి గిన్నెలో నీలంతో కలిపాను. బురద వచ్చింది.

నీలం చాలలేదేమోనని మరో రకం నీలం ట్యూబు పిండాను. అది పెసరగింజంత పడిందో లేదో గిన్నెనంతా మింగేసింది. దాన్ని దారికి తేవడానికి ఎరుపు, ఎరుపును అణచడానికి తెలుపు. గిన్నె పొంగి బేసిన్‌కు మారాను.

నాలుగూ ఇరవై ఐదుకి, ఎలాగో దేవుడికే తెలియాలి, బేసిన్ మూల ఊదాలాంటిది కనబడింది. గీత మీద పూశాను. అచ్చం అతికింది! మీసం మెలేసేలోపు అది ఆరడం మొదలైంది. ఆరేకొద్దీ నల్లబడి, కొండకు దెబ్బ తగిలి కమిలినట్టయింది.

గేటు చప్పుడైంది. బేసిన్‌ను మంచం కిందికి తోశాను.

ఆవిడ బొమ్మ ముందు నిలబడింది. "ఎవరైనా వచ్చారా?"

"పిల్లి వచ్చింది."

"చెయ్యి తిరిగిన పిల్లేనండీ! ఈ నీడ రంగు కోసం వారం రోజులుగా కుస్తీ పడుతున్నాను. ఎంత బాగా కలిపిందో!"

పొగిడితే నాకు ఒళ్లు తెలియదు. "ఆ రంగు ఊరికే వచ్చిందా? బేసినెడు కలిపితేగానీ..." అని నాలుక కరుచుకున్నాను.

"బేసిన్ ఎక్కడ?"

"మంచం కింద."

అది బయటికి లాగి తల పట్టుకుంది. "ఈ ఎరుపులో రంగుపొడి దళసరిదండీ, నారింజ వైపు మొగ్గుతుంది. నీలంలో కలిస్తే మట్టే. ఊదాకి గులాబీ వైపు మొగ్గే పలచటి ఎరుపు కావాలి. రంగు చూస్తే సరిపోదు, లోపల ఏ పొడి ఉందో చూడాలి."

నేను పూసిన మచ్చ మీద తెలుపు వేసి ఆరనిచ్చింది. తర్వాత రెండే ట్యూబులు, అర నిమిషం. పూసింది. చుట్టూ ఉన్న కొండకన్నా వెలిసిపోయినట్టుంది.

"నీదీ కలవలేదు!" అన్నాను, కొంచెం సంతోషంగానే.

"ఫ్యాన్ వేయండి. దూరం నుంచి."

ఐదుకి రెండు నిమిషాలుంది. ఇద్దరం కొండనే చూస్తున్నాం. రంగు మెల్లగా ముదిరి కొండలో కలిసిపోయింది. అప్పుడే బెల్లు మోగింది.

బొమ్మను ఎక్కించుకున్న డాక్టరమ్మ బండి మలుపు తిరిగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. ఆ మొహంలో వెలుగు చూశాక నాకు నిజంగా సిగ్గేసింది. "తప్పయిపోయింది," అన్నాను.

ఆవిడ నవ్వి, నా చేతిలో వెడల్పాటి బ్రష్షు పెట్టింది.

ఇప్పుడు మా దొడ్డి తలుపుకు రెండు వైపులా ఆ బేసిన్‌లోని బురద రంగే. చూసినవాళ్లు బాగుందంటారు. "ఎవరు కలిపారో చెప్పండి," అంటుంది ఆవిడ నా వైపు తిరిగి.

పిల్లి అనే చెప్తాను. మాకు పిల్లి లేదు.