క్లెయిమ్ చేయని గ్రేడు

క్లెయిమ్ చేయని గ్రేడును మించిన గ్రేడు ఈ భూమండలం మీద లేదు! ఈ సత్యాన్ని కనిపెట్టినవాడు మా సార్ సత్యనారాయణ. దోహాలో కట్టడాల కంపెనీకి మేనేజరు. నేను ఓబులయ్యను. ఆయన కారు డ్రైవరును.

సార్ కూతురు అరుంధతి ఇక్కడే ఇంగ్లీషు బడిలో చదివింది. ఆ బడిలో పరీక్షను యూనిట్లని ముక్కలు చేస్తారు. బయాలజీ ఒక్కటే ఆరు ముక్కలు. ఏ ముక్కకు ఆ ముక్క మార్కులిస్తారు. అన్నీ అయ్యాక, వీటిని కలిపి నాకొక గ్రేడు ఇవ్వండని కాగితం పెట్టుకోవాలి. దాన్నే క్లెయిమ్ అంటారు. పెట్టుకోకపోతే గ్రేడు లేదు, ముక్కలే. నచ్చని ముక్క మళ్ళీ రాసుకోవచ్చు. మా ఊరి బళ్ళో నేను ఏడో తరగతి తప్పితే సాయంత్రానికి ఊరంతా తెలిసింది. మాకీ సౌకర్యం లేదు.

అరుంధతి ముక్కలు కలిపితే సి వస్తుంది. సార్‌కు అది తెలుసు. అందుకే కలపలేదు. మన్సూరాలో వాళ్ళ బిల్డింగు లిఫ్టులో ఎవరు కలిసినా ఒకటే మాట.

"అమ్మాయికి ఏమొచ్చిందండీ?"

"ఇంకా క్లెయిమ్ చేయలేదండీ. 'ఏ స్టార్' గ్రేడుకు తక్కువైతే ఎందుకని ఆగాం."

"ఆహా! అయితే మెడిసినే!"

"లండన్ వాళ్ళు అడుగుతున్నారు. చూద్దాం."

లండన్ వాళ్ళు ఆ పిల్ల పేరు కూడా వినలేదు. తెలుగు సంఘం వాళ్ళు విన్నారు. అక్టోబరు సభలో సార్‌కు 'ఆదర్శ తండ్రి' సన్మానమని కార్డులు కొట్టించారు!

పిల్లకు మెడిసిన్ వద్దు. నర్సింగ్ కావాలి. మంగళూరు కాలేజీ వాళ్ళు సీటిస్తామన్నారు. ముక్కలు మాకొద్దు, సి అయినా సరే, మొత్తం గ్రేడు చూపించమన్నారు. క్లెయిమ్ ఫారం బడికి చేరాల్సిన గడువు గురువారం. పిల్లకు పదిహేడేళ్ళు. తండ్రి సంతకం తప్పదు.

సోమవారం కారులో అడిగింది.

"నాన్నా, ప్లీజ్. ఒక్క సంతకం."

"సి గ్రేడు మీద నా సంతకమా? జనవరిలో ఆ తక్కువొచ్చిన రెండు యూనిట్లు మళ్ళీ రాయి."

"మూడుసార్లు రాశాను! జనవరికి సీటు ఉండదు."

"నర్సింగ్ సీటు ఉంటే ఎంత, పోతే ఎంత! నేను నలుగురిలో తిరగాలా వద్దా?"

పిల్ల ఫారం మడిచి సంచిలో పెట్టుకుంది.

అప్పటికి ఫుట్‌బాల్ ప్రపంచకప్పుకు రెండు నెలలుంది. ఆట చూడ్డానికి వచ్చేవాళ్ళ కోసం మా కంపెనీ గదులు కడుతోంది. అవి పూర్తయ్యాయని సంతకం పెట్టడం సార్ పని. కుళాయి ఉన్న గదిలో నీళ్ళుండవు. నీళ్ళున్న గదిలో కుళాయి ఉండదు. అయినా పూర్తి! రోజూ పొద్దున సైటాఫీసు ఫైలు నేనే తెచ్చి కారులో ఇస్తాను. సంతకం చోట పసుపు చీటీ అంటించి ఉంటుంది. సార్ ఫోన్లో మాట్లాడుతూ చీటీ కనబడ్డ చోటల్లా గీకుతాడు. చదవడు. రెండో సిగ్నలు దాటేసరికి నలభై గదులు పూర్తవుతాయి. మేస్త్రీలకు నెలలు పట్టే పని!

ఆయన చదివేది సెలవు కాగితాలే. నా భార్య ఆంజనమ్మ పోయినప్పుడు నా కాగితాన్ని పదకొండు రోజులు చదివాడు. అప్పటికి ఊళ్ళో కర్మ అయిపోయింది.

బుధవారం పొద్దున సార్ కంటే ముందే అరుంధతి కిందికి దిగింది. చేతిలో ఫారం.

"ఓబులయ్య అంకుల్, ఆ పసుపు చీటీలు ఇంకేమైనా ఉన్నాయా?"

"ఉండాయి పాపా. ఎందుకు?"

చెప్పింది. చెప్పి భయపడింది.

"మీ ఉద్యోగం పోతుందేమో అంకుల్."

"పోతే పోనీలేమ్మా. పైన పెడితే కనబడుతుంది. పదిహేడో గది కాగితం కింద పెట్టు."

సార్ ఎక్కాడు. ఫోన్లో ఎవరికో నాణ్యత గురించి బోధిస్తున్నాడు.

"క్వాలిటీ దగ్గర నేను రాజీపడనండీ!" గీకాడు. "లైను లైనూ చదువుతాను!" గీకాడు.

పదిహేడో గది పూర్తయింది. అరుంధతి పూర్తయింది. పద్దెనిమిదో గది పూర్తయింది.

ఫైలు తిరిగి ఇచ్చేముందు ఫారం తీసుకుని బడికి పోయాను. పరీక్షల గుమాస్తా కనీజ్, హైదరాబాదావిడ, సంతకం వెలుతురులో పెట్టి చూసింది.

"మాషా అల్లా! సి వస్తదని తెలిసి కూడా సంతకం పెట్టిన నాన్నను ఈ ఏడు నేను చూసుడు ఇదే మొదలు. మీ సార్‌ది పెద్ద మనసు!"

"చానా పెద్దది మేడమ్" అన్నాను.

మూడు వారాలకు గ్రేడొచ్చింది. సి. మంగళూరులో సీటు ఖాయం. సంతకం పెట్టిన ఫారంతో సహా సార్‌కూ బడి నుంచి మెయిలు వచ్చింది, సరిగ్గా సన్మానం ముందు రోజు. కారెక్కుతూనే అరిచాడు.

"ఎవడు పెట్టాడయ్యా ఈ సంతకం?"

"మీదే గదా సార్."

"నేను పెట్టలేదు! బడి మీద కంప్లెయింటిస్తాను! ఫైలు తెచ్చింది నువ్వే. నేను చూడకుండా పెట్టి ఉంటే..."

ఆగాడు.

"ఇయ్యండి సార్. ఆ పొద్దు నలభై గదులకూ చూడకుండానే పెట్టినానని గూడా అందులో రాయండి. సాక్ష్యం నేను చెప్తా."

రెండు సిగ్నళ్ళు దాటాయి.

"నేను చదవకుండా సంతకం పెట్టను" అన్నాడు చివరికి.

"నేను గూడా అదే అంటాండా సార్."

శుక్రవారం సభ. హాలు నిండింది. శాలువా కప్పారు. సార్ మైకు పట్టాడు.

"మిత్రులారా! మా అమ్మాయికి సి వచ్చింది."

హాలు గతుక్కుమంది.

"కావాలంటే దాచేవాణ్ణి. ఇంకా క్లెయిమ్ చేయలేదని చెప్పేవాణ్ణి. కానీ బిడ్డ గ్రేడును క్లెయిమ్ చేసే ధైర్యం లేనివాడు తండ్రే కాదు! నర్సింగ్ అంటే సేవ. ఆ ఫారంలో ప్రతి అక్షరం చదివి, ఈ చేత్తో సంతకం పెట్టాను!"

చప్పట్లు ఆగలేదు. కొందరు తండ్రులు మాత్రం కొట్టలేదు. వాళ్ళ ఇళ్ళలోనూ కలపని ముక్కలున్నాయి.

తిరుగు దారిలో కారులో మేమిద్దరమే. అరుంధతి సామాన్లు సర్దుకోవాలని ముందే ఇంటికి వెళ్ళిపోయింది. సార్ శాలువా విప్పలేదు.

"ఓబులయ్యా!" అన్నాడు. "ఆ సంతకం పెట్టేముందు ఎన్ని రాత్రులు నిద్ర లేకుండా ఆలోచించానో నీకు తెలియదయ్యా."

అద్దంలో చూశాను. ఏడుస్తున్నాడు. నిజం కన్నీళ్ళే!